వంశపారంపర్య గుండె కండర వ్యాధులు: నిపుణుడు కావాలంటే ఏం నేర్వాలి?

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ డాక్టర్లవే. అన్నీ గుండె కండరానికి వంశంలో వచ్చే జబ్బుల గురించే. కండరం మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిని కిందంతా హెచ్‌సీఎం అనీ, గది సాగి బలహీనపడే డైలేటెడ్ రకాన్ని డీసీఎం అనీ, కండరం పోయి కొవ్వు, మచ్చ చేరి లయ తప్పే అరిథ్మోజెనిక్ రకాన్ని ఏఆర్‌వీసీ అనీ రాస్తున్నాం.

ప్రశ్న: డీఎం కార్డియాలజీ రెండో ఏడాదిలో ఉన్నాను. కార్డియోమయోపతీల్లోనే స్థిరపడాలని ఉంది. దీనికి విడిగా కోర్సు ఉందా? విదేశాలకు వెళ్లక తప్పదా?
- ఒక రెసిడెంట్, విశాఖపట్నం

జవాబు: డీఎం అయినా, దానికి సమానమైన డీఆర్‌ఎన్‌బీ అయినా మూడేళ్లే. అవి ముగిశాక యాంజియోప్లాస్టీ వైపో, గుండె లయను చూసే ఎలక్ట్రోఫిజియాలజీ వైపో వెళ్లేవారికి ఉన్నంత తిన్నని దారి ఈ జబ్బులకు మన దగ్గర లేదు. అలాగని విదేశాలకు వెళ్లి తీరాలనీ లేదు. రెండు దారుల్లోనూ చిక్కులున్నాయి.

బ్రిటన్‌లో దీన్ని ‘ఇన్‌హెరిటెడ్ కార్డియాక్ కండిషన్స్’ పేరుతో కార్డియాలజీలో ఒక శాఖగా నేర్పుతారు. లండన్‌లో బార్ట్స్, సెయింట్ జార్జెస్, రాయల్ బ్రాంప్టన్ ఇందుకు పేరున్న చోట్లు. మన డాక్టర్లు మెడికల్ ట్రైనింగ్ ఇనిషియేటివ్ అనే శిక్షణ పథకం కింద వెళ్తే గరిష్ఠంగా రెండేళ్లు ఉండొచ్చు. అక్కడి వైద్య మండలి జీఎంసీలో రిజిస్ట్రేషన్ ఉంటుంది కాబట్టి రోగిని మీరే చూస్తారు. అమెరికాలో ఈ జబ్బులకంటూ బోర్డు పరీక్ష లేదు. అక్కడ మూడేళ్ల కార్డియాలజీ ఫెలోషిప్ చేసినవారు ఏదైనా పెద్ద హెచ్‌సీఎం కేంద్రంలో మరో ఏడాది పనిచేస్తారు. మన డీఎం పట్టా ఒక్కటే చేతబట్టుకుని వెళ్తే చాలాచోట్ల పరిశీలకుడిగానే నిలబెడతారు. ఆ రెండు మూడు నెలలు కళ్లకు పనికొస్తాయి గానీ చేతికి కాదు. వేరే ఖర్చులు మానుకుని దానికి డబ్బు పోయమని మేం చెప్పలేం.

ఎక్కడ చేరినా ముందు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. హెచ్‌సీఎం రోగులకు వారంలో ఒక ఓపీ ప్రత్యేకంగా నడుస్తోందా, లేక మామూలు గుండె వైఫల్యం ఓపీలో కలిసిపోతున్నారా? రోగి వెంట అన్నదమ్ములు, పిల్లలు పరీక్షకు వస్తున్నారా? మందమైన మధ్యగోడను (సెప్టమ్) కొంత కోసి తీసే సెప్టల్ మైయెక్టమీ చేసే సర్జన్ అదే ఆవరణలో ఉన్నారా? గుండె ఎంఆర్‌ఐని ఎవరు చదువుతున్నారు, కార్డియాలజీ రెసిడెంటును పక్కన కూర్చోనిస్తున్నారా? జన్యు నివేదిక వచ్చాక దాన్ని రోగికి ఎవరు వివరిస్తున్నారు? రెండో ప్రశ్నకు ‘అప్పుడప్పుడు’ అని జవాబొస్తే ఆ చోటు వదిలేయండి. ఈ శాఖలో చికిత్స ఒక రోగికి, ఓపీ మాత్రం మొత్తం కుటుంబానికి. కుటుంబాలు రాని చోట మీరు నేర్చుకునేది సగమే.

ఏడాది ఫెలోషిప్‌ను ఎలా పంచుకోవాలంటారా? ప్రత్యేక ఓపీ, ఎకో (గుండె అల్ట్రాసౌండ్) ఏడాది పొడవునా సాగాలి. జనవరిలో చూసిన రోగి తమ్ముడు జూన్‌లో వస్తాడు, ఆ ఇద్దర్నీ మీరే చూడాలి. మధ్యలో మూడు నెలలు ఎంఆర్‌ఐకి ఇవ్వండి. సొంతంగా నివేదిక రాసే స్థాయికి 150 కేసులు చదవాలన్నది అంతర్జాతీయంగా పాటించే కొలమానం. శాఖను నడిపే స్థాయికి 300. రెండు నెలలు ఎలక్ట్రోఫిజియాలజీ, ఐసీడీ (ప్రమాదకర లయ వస్తే షాక్ ఇచ్చే యంత్రం) క్లినిక్‌లో. ఐసీడీ పెట్టడం నేర్చుకోకపోయినా, అనవసరపు షాక్ ఎందుకు పడిందో యంత్రం రికార్డు చూసి చెప్పగలగాలి. ఒక నెల పిల్లల గుండె విభాగం, ఒక నెల ఆపరేషన్ థియేటర్, పాథాలజీ. జన్యు విభాగంలో కనీసం నెల. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, హబ్సిగూడలో సీసీఎంబీ అనే జన్యు పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఇంత దగ్గరలో ఇన్ని ఉన్న నగరాలు దేశంలో ఎక్కువ లేవు. డీఎం థీసిస్ అంశాన్ని ఇప్పుడే ఆ వైపు మళ్లిస్తే తర్వాత తలుపు తట్టడం తేలిక.

ప్రశ్న: ఒకే హెచ్‌సీఎం రోగికి నా ఎకోలో అవుట్‌ఫ్లో గ్రేడియంట్ (గుండె నుంచి రక్తం బయటికెళ్లే దారిలో ఒత్తిడి తేడా) 18 వచ్చింది. వారం తర్వాత మరోచోట 144 అని రాశారు. రోగి నన్ను అనుమానంగా చూస్తున్నాడు. ఎవరిది తప్పు?
- ఒక కార్డియాలజిస్టు, నెల్లూరు

జవాబు: శిక్షణలో అన్నిటికన్నా ఎక్కువ సమయం అడిగే పని ఇదే, కాబట్టి కాస్త విడమరిచి చెబుతాం. ముందుగా, ఇద్దరిదీ తప్పు కావచ్చు.

హెచ్‌సీఎంలో గ్రేడియంట్ స్థిరంగా ఉండదు. నీళ్లు తక్కువ తాగినా, కడుపు నిండా తిన్నా, నిలబడినా పెరుగుతుంది. పడుకోబెట్టి ఒక్కసారి కొలిచి 18 అని రాసి వదిలేస్తే ఆ రోగికి అడ్డంకి లేదని తేల్చినట్టు కాదు. విశ్రాంతిలో గానీ, రెచ్చగొట్టినప్పుడు గానీ 30 ఎంఎంహెచ్‌జీ దాటితే అడ్డంకి ఉన్నట్టు. 50 దాటి, మందులకు లొంగని ఆయాసమో ఛాతీ నొప్పో స్పృహ తప్పడమో ఉంటే గోడ తగ్గించే చికిత్స గురించి ఆలోచిస్తాం. అందుకే వరస ఇలా ఉండాలి: పడుకున్నప్పుడు ఒక కొలత. తర్వాత వల్సాల్వా. ‘ఊపిరి బిగపట్టండి’ అంటే సరిపోదు, పది పదిహేను సెకన్లు కడుపు బిగించి ముక్కాలి. పరీక్షకు ముందే రెండుసార్లు సాధన చేయించాలి. ఆ తర్వాత నిలబెట్టి ఒక కొలత. వీటన్నిటిలోనూ 50 దాటకపోయి లక్షణాలు మాత్రం గట్టిగా ఉంటే ట్రెడ్‌మిల్ ఎకో. పరుగు ఆపగానే, గుండె వేగం తగ్గకముందే ప్రోబ్ పెట్టాలి. గుండెను గట్టిగా కొట్టించే డోబుటమైన్ మందు ఇచ్చి గ్రేడియంట్ తెప్పించొద్దు. మామూలు గుండెలో కూడా అది గ్రేడియంట్ పుట్టిస్తుంది.

ఇక 144. ఆ అంకెను చూడగానే మాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే అది రక్తం వేగం సెకనుకు సరిగ్గా 6 మీటర్లైతే వచ్చే లెక్క (వేగాన్ని వేగంతో, ఆపై 4తో హెచ్చించాలి): 4 × 6 × 6. హెచ్‌సీఎంలో ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ముందుకు లాగబడి రక్తం వెనక్కి కారుతుంది. రక్తం వేగాన్ని కొలిచే కంటిన్యువస్ వేవ్ డాప్లర్ గీత ఆ లీకు మీద పడితే 6 మీటర్లు తేలిగ్గా వస్తుంది. రెండింటినీ ఆకారం చూసి విడదీయాలి. అవుట్‌ఫ్లో ప్రవాహం బృహద్ధమని కవాటం తెరుచుకున్నాకే మొదలై, మెల్లగా ఎక్కి, సిస్టోల్ (గుండె బిగిసే దశ) చివరికి బాకు మొనలా కోసుగా తేలుతుంది. లీకు మాత్రం మైట్రల్ మూసుకున్న క్షణం నుంచే మొదలవుతుంది, ముందే ఎత్తుకు చేరుతుంది, ఎక్కువసేపు ఉంటుంది.

ఆకారంతో తేలకపోతే బీపీ చూడండి. రోగి పై బీపీ 120 అనుకుందాం. గ్రేడియంట్ నిజంగా 144 అయితే ఎడమ జఠరికలో ఒత్తిడి 264 ఉండాలి. 6 మీటర్ల ప్రవాహం లీకుదే అయితే జఠరిక ఒత్తిడి 144కు ఎడమ కర్ణిక ఒత్తిడి సుమారు 15 కలిపి 159. అందులోంచి 120 తీసేస్తే అసలు గ్రేడియంట్ 39, అంటే వేగం 3.1 మీటర్ల చుట్టూ ఉండాలి. ప్రోబ్‌ను కొద్దిగా తిప్పి వెతికితే ఆ 3.1 మీటర్ల బాకు గీత ఎక్కువసార్లు దొరుకుతుంది. రెసిడెంటు ప్రతి నివేదిక పక్కన ఈ మూడు అంకెల లెక్క రాసేలా చేస్తే మొదటి నెలలోనే తేడా కనిపిస్తుంది.

గోడ మందం కొలతలోనూ ఇలాంటి ఉచ్చులున్నాయి. పెద్దవారిలో 15 మి.మీ., హెచ్‌సీఎం రోగి దగ్గరి బంధువులో 13 మి.మీ. దాటితే జబ్బు అంటాం. రెండు మి.మీ. తేడాతో ఒకరి జీవితం మారిపోతుంది. కుడి జఠరిక వైపు కండరపు పట్టీని సెప్టమ్‌తో కలిపి కొలవడం, గుండెను ఏటవాలుగా కోసిన చిత్రం మీద కొలవడం తరచూ జరిగే పొరపాట్లు. డయాస్టోల్ (గుండె సడలే దశ) చివర, అడ్డకోత చిత్రంలో, పీఠం నుంచి కొన దాకా మూడు స్థాయుల్లో కొలవాలి. ఈసీజీలో టీ తరంగాలు లోతుగా తలకిందులై ఉండి ఎకో మామూలుగా కనిపిస్తే కొన దగ్గర మందమయ్యే రకమేమో చూడాలి. అది మామూలు ఎకోకి దొరక్కపోతే కాంట్రాస్టో, ఎంఆర్‌ఐయో కావాలి.

ఈ కొలతలు కాగితం మీదే ఆగిపోవు. ఐదేళ్లలో హఠాన్మరణం ముప్పును లెక్కగట్టే యూరప్ సూత్రంలో వయసు, కుటుంబ చరిత్ర, స్పృహ తప్పడం, హోల్టర్‌లో (రోజంతా తీసే ఈసీజీలో) దొరికిన లయ తప్పుడు పరుగులతో పాటు గోడ మందం, ఎడమ కర్ణిక కొలత, గ్రేడియంట్ ఉంటాయి. చివరి మూడూ మీ ఎకో నుంచే. ఫలితం 6 శాతం దాటితే ఐసీడీ ఆలోచించాలి, 4 నుంచి 6 మధ్య చర్చించాలి. లీకును గ్రేడియంట్‌గా రాస్తే ఆ అంకె కూడా తప్పుతుంది.

ప్రశ్న: మందమైన గుండె కనిపించిన ప్రతిదీ హెచ్‌సీఎం కాదంటారు. జిల్లా స్థాయిలో పనిచేసే ఫిజీషియన్ దేన్ని పట్టుకోగలగాలి?
- ఒక డాక్టరు, ఖమ్మం

జవాబు: మొదట బీపీ. దీర్ఘకాలం అదుపులో లేని బీపీ ఉన్నవారిలో గోడ మందం చూసి తొందరపడొద్దు. అది తీసేశాక ఈసీజీనీ ఎకోనీ పక్కపక్కన పెట్టండి. గోడ మందంగా ఉండి ఈసీజీలో వోల్టేజీ చిన్నదిగా ఉంటే అమిలాయిడ్ (గుండె కండరంలో అసహజ ప్రోటీన్ పేరుకునే జబ్బు) అని అనుమానించాలి. ఆ రోగికి రెండు చేతులకీ కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం నొక్కుకుపోవడం) ఆపరేషన్ అయిందేమో అడగండి. ఎముకల స్కాన్‌కు పంపేటప్పుడు ఫ్రీ లైట్ చెయిన్లు, ఇమ్యునోఫిక్సేషన్ అనే పరీక్షలు కూడా చేయించాలి. అవి లేకుండా స్కాన్ ఒక్కదాన్నే నమ్మితే లైట్ చెయిన్ రకం తప్పిపోతుంది, దానికి ఆలస్యం పనికిరాదు. ఈసీజీలో పీఆర్ దూరం పొట్టిగా ఉండి డెల్టా తరంగం ఉంటే పీఆర్‌కేఏజీ2 జన్యు లోపం గానీ, కుర్రాడైతే డానన్ వ్యాధి గానీ. అరికాళ్లూ అరచేతులూ మండటం, చెమట పట్టకపోవడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం ఉంటే ఫాబ్రీ అనే ఎంజైమ్ లోపపు జబ్బు. మగవారిలో ఎంజైమ్ పరీక్షతో తేలుతుంది. ఆడవారిలో ఎంజైమ్ మామూలుగా ఉండొచ్చు కాబట్టి జన్యు పరీక్ష తప్పదు. ఫాబ్రీకి ఎంజైమ్ చికిత్స ఉంది, అందుకే తప్పిపోకూడదు.

డీసీఎంలో ఒక్క మాట. గుండె వైఫల్యం కంటే ముందే ఏవీ బ్లాకు (గుండె లోపలి విద్యుత్ దారిలో అడ్డు), ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గదుల లయ తప్పడం) వచ్చిన చిన్న వయసు రోగి అయితే ఎల్‌ఎంఎన్‌ఏ జన్యువును అనుమానించండి. వీరిలో గుండె పంపింగ్ అంతగా పడిపోకముందే ప్రమాదకరమైన లయలు వస్తాయి. పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తే ఐసీడీయే పెట్టాలా అన్నది ముందే చర్చించాలి.

ఇంకో సంగతి. ‘గుండె నొప్పి’ అంటూ వచ్చిన ప్రతి ఒక్కరి నాలుక కింద నైట్రేట్ బిళ్ళ పెట్టే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. అడ్డంకి ఉన్న హెచ్‌సీఎం రోగికి అది గ్రేడియంట్‌ను పెంచి కింద పడేస్తుంది. ఆమ్లోడిపిన్, మూత్రం ఎక్కువ పోయే మందులు కూడా అంతే.

ప్రశ్న: హెచ్‌సీఎం ఉన్న 38 ఏళ్ల రోగికి జన్యు పరీక్ష చేయిస్తే ‘ఎంవైబీపీసీ3 (గుండె కండర ప్రోటీన్ జన్యువు)లో 25 అక్షరాల లోపం’ అని వచ్చింది. ఆయన కూతురికీ అదే ఉంది, ఎకో మామూలే. అమ్మాయికి మేనమామ కొడుకుతో సంబంధం ఖాయం చేశారు. ఇప్పుడు రెండిళ్ల వాళ్లూ నన్నే అడుగుతున్నారు. ఏం చెప్పాలి?
- ఒక కార్డియాలజిస్టు, కరీంనగర్

జవాబు: ఈ లోపం దక్షిణాసియా ప్రజల్లో ఎంతగా వ్యాపించి ఉందో చూపిన పరిశోధన 2009లో వచ్చింది, అందులో మన సీసీఎంబీ శాస్త్రవేత్తలున్నారు. దాదాపు 4 శాతం మందిలో ఇది ఉంటుందని అప్పుడే తేలింది. హెచ్‌సీఎం ఉండేది 500 మందిలో ఒకరికి. అంటే 500 మందిని పిలిస్తే ఈ లోపం ఇరవై మందిలో ఉంటుంది, జబ్బు ఒకరిలో. ఆ ఇరవై మందిలో ఎక్కువమందికి జీవితాంతం హెచ్‌సీఎం రాదన్నమాట. కాబట్టి రోగిలో అది కనిపించిందని అదే కారణమనడానికి లేదు.

2020లో వచ్చిన పరిశోధన ఈ చిక్కును చాలావరకు విప్పింది. ఈ లోపం ఉన్నవారిలో కొందరికి అదే క్రోమోజోమ్ మీద మరో మార్పు, సీ.1224-52జీ>ఏ అనేది, తోడుగా ఉంటుంది. అసలు జబ్బు తెచ్చేది ఎక్కువగా అదే. ఈ మార్పు ఇంట్రాన్ (జన్యువులో ప్రోటీన్‌గా మారని భాగం) లోపల, ఎక్సాన్ అంచుకు 52 అక్షరాల దూరంలో ఉంది. ప్రోటీన్‌గా మారే ఎక్సాన్లనూ వాటి అంచులనూ మాత్రమే చదివే చవక పరీక్షల్లో అది కనబడదు. ల్యాబుకు ఫోన్ చేసి ‘మీ పరీక్ష ఆ స్థానాన్ని కప్పుతోందా?’ అని సూటిగా అడగండి. కప్పకపోతే తండ్రికి ఆ ఒక్క చోటుకు శాంగర్ పరీక్ష చేయించండి. తండ్రికి ఆ మార్పు ఉంటేనే కూతురికి దాన్ని వెతకాలి. ఎప్పుడూ జబ్బున్న మనిషితో మొదలుపెట్టాలి. మీ దగ్గర కూతురికి ముందు 25 అక్షరాల లోపం చూసి తర్వాత అర్థం వెతుక్కుంటున్నారు. శిక్షణ లేని చోట ఎక్కువగా జరిగేది ఇదే.

జన్యు నివేదికలో మార్పులను 2015 నుంచి ఐదు తరగతులుగా రాస్తున్నారు. ‘వ్యాధికారకం’, ‘బహుశా వ్యాధికారకం’ అన్న రెండిటితోనే బంధువుల పరీక్ష మొదలవుతుంది. మధ్యలో ఉన్న ‘అర్థం తేలని మార్పు’ను బట్టి ఎవరికీ జబ్బుందనీ లేదనీ చెప్పకూడదు. మన జనాభా జన్యు సమాచారం పట్టికల్లో తక్కువ కాబట్టి మనవాళ్ల నివేదికల్లో ఈ మధ్య తరగతి ఎక్కువగా వస్తుంది. ఏడాదికోసారి ల్యాబును మళ్లీ అడగండి, తరగతి మారుతూ ఉంటుంది.

ఇప్పుడు పెళ్లి మాట. తండ్రిలో నిజమైన వ్యాధికారక మార్పు దొరికి, అది కూతురికీ వచ్చిందనుకుందాం. ఆమె పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుంది, భర్త ఎవరైనా సరే. మేనరికంలో అదనంగా చూడాల్సింది వరుడు. ఈ సంబంధంలో అతను అమ్మాయికి తల్లి వైపు, జబ్బు తండ్రి వైపు. కాబట్టి ఆ తండ్రికి భార్య కుటుంబంతో అంతకుముందే మేనరికపు రక్తసంబంధం ఉందా అన్నది అడిగి, మూడు తరాల వంశవృక్షం గీయాలి. మన ఇళ్లలో ఆ గీతలు రెండు మూడు చోట్ల కలుస్తాయి. ఉంటే వరుడికి ఆ ఒక్క మార్పుకే పరీక్ష చేయొచ్చు. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి బిడ్డకూ రెండు ప్రతులు వచ్చే అవకాశం నాలుగో వంతు, అది పసితనంలోనే ప్రాణాంతకం కావచ్చు. అమెరికాలో అమిష్ అనే మత సమాజపు కుటుంబాల్లో ఈ జన్యువులోనే మరో మార్పు రెండు ప్రతులుగా వచ్చి శిశువులు పోవడం వైద్య సాహిత్యంలో ఉంది. వరుడిలో లేకపోతే ఆ అదనపు భయం లేదు.

ఈ వివరాలు అమ్మాయికి ముందు, ఆమెతో మాత్రమే చెప్పాలి. పెళ్లి ఆపాలా వద్దా అన్నది మీ నోటి నుంచి రాకూడదు. రెండిళ్ల పెద్దలను ఒకే గదిలో కూర్చోబెట్టి నివేదిక చదవడం కౌన్సెలింగ్ కాదు, పంచాయితీ. అమ్మాయి అనుమతి లేకుండా వరుడి వైపు వారికి ఆమె నివేదిక చూపే హక్కు మీకు లేదు.

బీమా భయం గురించి కూడా కుటుంబాలు అడుగుతాయి. 2018లో ఢిల్లీ హైకోర్టు ముందుకొచ్చిన కేసు హెచ్‌సీఎం రోగిదే. జన్యు వ్యాధి అన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించడం వివక్ష అని తీర్పు రోగికి అనుకూలంగా వచ్చింది. ఫెలోలు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

ప్రశ్న: మా నాన్నగారికి విజయవాడలో హెచ్‌సీఎం అని చెప్పారు. నేను డాలస్‌లో, చెల్లెలు బెంగళూరులో ఉంటున్నాం. ఇద్దరికీ చిన్నపిల్లలున్నారు. మామూలు కార్డియాలజిస్టు సరిపోతారా?
- ఒక పాఠకుడు

జవాబు: మొదటి ఈసీజీ, ఎకోలకు సరిపోతారు. అవి మీ ఇద్దరికీ ఇప్పుడే చేయించండి. నాన్నగారిలో వ్యాధికారక మార్పు దొరికి, మీలో అది లేదని తేలితే మీకూ మీ పిల్లలకూ ఇక పరీక్షలు అక్కర్లేదు. మార్పు దొరక్కపోతే పిల్లలకు ఏడాది రెండేళ్లకోసారి, పెద్దలకు మూడు నుంచి ఐదేళ్లకోసారి ఈసీజీ, ఎకో. ‘ఒకసారి బాగుంది కదా’ అని ఆపేయొద్దు. గోడ ఎదిగే వయసులో మందమవుతుంది.

నిపుణుణ్ని గుర్తు పట్టడానికి ఒక చిట్కా: మొదటి భేటీలో ఆయన మీ కుటుంబ వృక్షం గీస్తున్నారా చూడండి. నిద్రలో పోయినవారు, బావిలోనో చెరువులోనో మునిగిపోయిన ఈతగాళ్లు, మూర్ఛ అని మందులు వాడినవారు, 50 లోపు పేస్‌మేకర్ పెట్టించుకున్నవారు ఉన్నారా అని విడివిడిగా అడగాలి. ‘మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా?’ అన్న ఒక్క ప్రశ్నకు ఇవేవీ బయటపడవు.

ప్రశ్న: వెయ్యికి పైగా యాంజియోప్లాస్టీలు చేశాను. ఆల్కహాల్ సెప్టల్ అబ్లేషన్‌కు (ఆల్కహాల్ పంపి మందమైన మధ్యగోడను తగ్గించే పద్ధతికి) మళ్లీ శిక్షణ ఎందుకు?
- ఒక ఇంటర్వెన్షనల్ కార్డియాలజిస్టు, హైదరాబాద్

జవాబు: వైరు, బెలూన్ మీకు కొత్త కాదు. కానీ ఇక్కడ మీరు తెలిసి తెలిసి గుండెపోటు తెప్పిస్తున్నారు, అది ఎక్కడ రావాలో నిర్ణయించేది యాంజియో కాదు, ఎకో. 1994లో కార్డియాలజిస్టు ఉల్రిక్ సిగ్వార్ట్ లండన్‌లో మొదలుపెట్టినప్పటి నుంచి పద్ధతిలో వచ్చిన పెద్ద మెరుగు ఈ ఎకో తోడే.

ముందు కుడి జఠరికలో తాత్కాలిక పేసింగ్ వైరు. ఎడమ జఠరికలోనూ బృహద్ధమనిలోనూ ఒకేసారి ఒత్తిళ్లు చూస్తూ అడ్డంకిని నిర్ధారించుకోవాలి. మధ్యగోడకు రక్తం ఇచ్చే సెప్టల్ కొమ్మలోకి దాని కంటే కొద్దిగా పెద్ద ఓవర్-ద-వైర్ బెలూన్, సాధారణంగా 1.5 నుంచి 2.5 మి.మీ., ఉబ్బించి, లోపలి దారిలో డై పంపి అది గుండె ముందు వైపు పెద్ద ధమని ఎల్‌ఏడీలోకి వెనక్కి కారడం లేదని చూడాలి. కారితే ఆల్కహాల్ ఎల్‌ఏడీలోకి పోతుంది, పెద్ద ముప్పు అదే. ఆ తర్వాత అదే దారిలో ఎకో కాంట్రాస్టు. మైట్రల్ రెక్క తగిలే చోటు సెప్టమ్ మాత్రమే వెలగాలి. పాపిల్లరీ కండరమో కుడి జఠరిక గోడో వెలిగితే ఆ కొమ్మను వదిలేయాలి. మరో కొమ్మ కుదరకపోతే ప్రక్రియనే ఆపాలి. ఆపడం నేర్పేదే అసలు శిక్షణ అని మా అభిప్రాయం. అన్నీ సరిగా ఉంటే నిర్జల ఆల్కహాల్ 1 నుంచి 3 మి.లీ., మెల్లగా. బెలూన్‌ను ఐదు నుంచి పది నిమిషాలు అలాగే ఉంచాలి, ముందే దించితే ఆల్కహాల్ వెనక్కి వస్తుంది.

రోగిని ఎంచడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. గోడ 15, 16 మి.మీ. లోపుంటే చిల్లు పడే ప్రమాదం. 30 దాటితే ప్రయోజనం తక్కువ. మైట్రల్ కవాటమో పాపిల్లరీ కండరమో అసలే వంకరగా ఉంటే సర్జరీయే దారి. ముందు నుంచే ఎడమ బండిల్ బ్లాకు (ఎడమ విద్యుత్ దారిలో అడ్డు) ఉన్నవారితో మరీ జాగ్రత్త. అబ్లేషన్ తర్వాత ఎక్కువగా వచ్చేది కుడి బండిల్ బ్లాకు, రెండూ కలిస్తే పూర్తి హార్ట్ బ్లాకే. మైయెక్టమీ తర్వాత వచ్చేది ఎడమది కాబట్టి ముందే కుడి బ్లాకు ఉన్నవారికి అక్కడ అదే భయం. పేసింగ్ వైరును రెండు మూడు రోజులు తీయొద్దు, బ్లాకు ఆలస్యంగా కూడా వస్తుంది. పదిమందిలో ఒకరి చుట్టూ శాశ్వత పేస్‌మేకర్ దాకా వెళ్తారు, ఇది ముందే చెప్పి సంతకం తీసుకోండి.

2011 అమెరికా మార్గదర్శకాలు అనుభవజ్ఞుడు అంటే సొంతంగా 20 కేసులు చేసినవారు, లేదా మొత్తం 50 కేసులు చేసిన ప్రత్యేక కేంద్రంలో పనిచేసేవారు అన్నాయి. ఏడాదికి రెండు కేసులు వచ్చే క్యాత్‌ల్యాబ్‌లో ఆ 20 పూర్తికావడానికి పదేళ్లు. అక్కడ మొదలుపెట్టకుండా పెద్ద కేంద్రానికి పంపడమే రోగికి మేలు. సర్జరీ వదిలేసి అబ్లేషన్ ఒక్కటే చూపించే ఆసుపత్రిలో రోగికి నిజమైన ఎంపిక ఉండదన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఫెలోషిప్ చేస్తున్నాను. హెచ్‌సీఎం మందు మావాకామ్‌టెన్ మొదలుపెట్టడం ప్రొటోకాల్ చూసి ఎవరైనా చేయొచ్చు కదా?
- ఒక తెలుగు ఫెలో, న్యూజెర్సీ

జవాబు: బిళ్ళ రాయడం ఎవరైనా చేస్తారు, తర్వాతి ఎకో నమ్మదగినదిగా ఉండాలి. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు కండరం బిగువును తగ్గిస్తుంది, ఎక్కువైతే పంపింగే పడిపోతుంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో దెబ్బకు గుండె బయటికి పంపే రక్తం శాతం) 55 లోపుంటే మొదలుపెట్టరు, 50 లోపు పడితే ఆపుతారు. 5 మి.గ్రా.తో మొదలుపెట్టి 4, 8, 12 వారాల్లో ఎకో. రెండు ఎకోలు ఇద్దరు మనుషులు, రెండు పద్ధతుల్లో తీస్తే 56కూ 51కీ తేడా మందుదా మనిషిదా అన్నది తేలదు. అందుకే ఒక ల్యాబు, ఒకే పద్ధతి.

మనవాళ్లలో ఇంకో మెలిక. ఈ మందును కాలేయంలో కరిగించే ప్రధాన ఎంజైమ్ సీవైపీ2సీ19. అది నెమ్మదిగా పనిచేసేవారు ఆసియా ప్రజల్లో ఎక్కువ, వారిలో మందు పేరుకుపోతుంది. యూరప్‌లో ముందుగా ఈ జన్యు రకం చూసి, నెమ్మది రకమైతే 2.5 మి.గ్రా.తో మొదలుపెడతారు. గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్ రక్తంలో ఈ మందు స్థాయిని పెంచుతుంది. గ్యాస్ బిళ్ళను మందుగానే లెక్కించని రోగులు మన వాళ్లలో బోలెడు, కవరు తెప్పించి చూడండి. టీబీ మందు రిఫాంపిసిన్‌తో దీన్ని కలిపి వాడకూడదు, అది ఈ ఎంజైమ్‌ను ఉధృతం చేసి మందు స్థాయిని తగ్గిస్తుంది. టీబీ చికిత్స ముగిసి అది ఆగిన వారాల్లో మావాకామ్‌టెన్ స్థాయి ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ప్రశ్న: కబడ్డీ ఆడుతూ కుప్పకూలిన 19 ఏళ్ల కుర్రాడి పోస్టుమార్టం చేశాను. గుండెను ఎలా పంపాలి, కుటుంబానికి ఏం చెప్పాలి?
- ఒక ఫోరెన్సిక్ వైద్యుడు, అనంతపురం

జవాబు: సెప్టమ్‌ను మీరు కోయకండి. రక్తం కడిగి బరువు తూచి, గుండెను మొత్తంగా, అనుభవమున్న పాథాలజిస్టుకు పంపండి. కండరం మామూలుగా కనిపించినా కణజాలం చూడాలి. కండర తంతువుల అస్తవ్యస్త అమరిక హెచ్‌సీఎంకూ, కుడి జఠరిక గోడలో కొవ్వు, మచ్చ ఏఆర్‌వీసీకీ గుర్తులు. ఫార్మలిన్‌లో వేయకముందే 5 నుంచి 10 మి.లీ. రక్తం ఈడీటీఏ గొట్టంలో, చిన్న ప్లీహం ముక్క ఐస్ మీద తీసి దాచండి. ఫార్మలిన్‌లో పడిన కణజాలంలో డీఎన్‌ఏ ముక్కలై జన్యు పరీక్షకు సరిగా పనికిరాదు. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఈసీజీ, ఎకో చేయించమని పోస్టుమార్టం నివేదికలోనే రాయండి. నోటితో చెబితే ఆ దుఃఖంలో ఎవరికీ గుర్తుండదు.